ఎర్దిగ్ బంగళా: కింద బొగ్గు, పైన ఎర్ర ఇటుక, బాపుతో మూడు రోజులు

మొదటి రోజు, శుక్రవారం

బాపు, అంటే మా నాన్న, మాంచెస్టర్‌లో నా దగ్గరికి వచ్చి నెల దాటింది. లండన్ చూపించా, సరస్సులు చూపించా, అన్నిటికీ "బాగుంది బిడ్డా" అంటాడు కానీ ఎక్కడా పది నిమిషాలు నిలబడి చూసింది లేదు. ముప్పై రెండేళ్ళు బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేసిన మనిషి, బండ కింద సపోర్టు దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని, ఆయనకి ఏం చూపిస్తే నిలబడి చూస్తాడా అని ఆలోచిస్తుంటే ఆఫీసులో ఒకాయన చెప్పాడు, వేల్స్‌లో రెక్సమ్ ఊరి పక్కన ఒక పాత జమీందారీ బంగళా ఉంది, దాని కింద బొగ్గు తవ్వితే ఇల్లు మొత్తం కుంగింది, కూల్చేయకుండా బాగుచేసి నిలబెట్టారు అని. అదే మాట బాపుకి చెప్పా. టీవీ ఆపి "ఎన్ని అడుగులు కుంగింది?" అన్నాడు. అంతే, ట్రైన్ టికెట్లు బుక్ చేసేశా.

చెస్టర్‌లో బండి మారి రెక్సమ్ జనరల్‌లో దిగాం. స్టేషన్ బోర్డులన్నీ వెల్ష్‌లో ఒకసారి ఇంగ్లీషులో ఒకసారి, మన స్టేషన్లలో తెలుగు హిందీ ఇంగ్లీషు ఉన్నట్టే. బంగళా పేరు ఎర్దిగ్. వెల్ష్‌లో రెండు డీలు పక్కపక్కన వస్తే మన ద లాగా మెత్తగా పలకాలంట, ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి నేను ఇన్నాళ్ళు ఎర్డిగ్ అనుకున్నా.

బ్యాగులు రూమ్‌లో పడేసి ముందు ఊళ్ళో సెయింట్ జైల్స్ చర్చికి వెళ్ళాం, ఎందుకంటే ఆ బంగళా కథ మొదలయ్యే మనుషుల్లో ఒకడు ఈ చర్చి ఆవరణలోనే పడుకుని ఉన్నాడు. ఎలిహు యేల్. అమెరికాలో యేల్ యూనివర్సిటీ ఎవరి పేరు మీద ఉందో ఆ యేల్. 1687 నుంచి 1692 దాకా మద్రాసు సెయింట్ జార్జి కోటకి పెద్ద, సొంత వ్యాపారంలో బాగా వెనకేసుకున్నాడన్న ఆరోపణలతో పదవి పోయింది, 1721లో చనిపోతే ఇక్కడ పాతిపెట్టారు. ఇంత డబ్బు మన కోరమండల్ తీరం మీదుగా ఈ చిన్న ఊరికి వచ్చిందా అని సమాధి ముందు నిలబడితే నాకు మనసు ఒకలా అయిపోయింది. చర్చి గోపురం మాత్రం నిజంగా అందమైనది, అడుగు నుంచి కొస దాకా చెక్కిన రాతి పని, కానీ దాని గురించి రాస్తే ఈ రోజు ఇక్కడే అయిపోతుంది.

ఇక్కడి నుంచి ఎర్దిగ్ రెండు మైళ్ళు. జూన్ కాబట్టి రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగు ఉంటుంది, సాయంత్రం పార్కులోంచి నడిచి వెళ్ళాం. ఇల్లు మూసేసి ఉంది, కానీ పడమటి ముఖం పార్కులోంచే కనిపిస్తుంది. బూడిద రంగు రాయి, మధ్యలో త్రికోణపు శిఖరం, ముందు రెండు వైపులా వంపు తిరిగిన మెట్లు, అంతే. శిల్పం లేదు, స్తంభాల వరస లేదు. నిజం చెప్పాలంటే కొంచెం నిరాశ పడ్డా, ఇంత దూరం వచ్చింది పాత కలెక్టరాఫీసు లాంటి గోడ కోసమా అని. బాపు మాత్రం దగ్గరికి వెళ్ళి మూల దగ్గర తల వంచి చూసి "రాయి తర్వాత అతికిచ్చిండ్రు, లోపల వేరే ఉంటది" అన్నాడు.

రూమ్‌కి వచ్చి చదివితే అదే నిజం. ఇల్లు 1684 నుంచి 1687 మధ్య ఎర్ర ఇటుకతో కట్టారు, కట్టించింది జాషువా ఎడిస్‌బరీ, డెన్‌బీషైర్ జిల్లాకి హై షెరిఫ్‌గా, అంటే రాజు తరఫు అధికారిగా చేసినాయన, పని చూసుకుంది థామస్ వెబ్ అనే మేస్త్రి. పడమటి గాలి వాన మోసుకొచ్చి ఈ వైపు ఇటుకని తినేస్తుంటే దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత, 1770ల్లో, జేమ్స్ వ్యాట్ అనే ఆర్కిటెక్ట్ చేత ఈ ముఖం మొత్తానికి రాయి తొడిగించారు. అంటే మనం చూసిన గోడ అలంకారం కాదు, వానకి వేసిన గొంగడి. ఇది తెలిశాక నా నిరాశ పోయింది.

రెండో రోజు, శనివారం

ఇలాంటి బంగళాల్లో మామూలుగా ముందు గుమ్మంలోంచి, పెద్ద హాల్లోంచి లోపలికి పంపిస్తారు. ఎర్దిగ్‌లో అలా కాదు. పనివాళ్ళ పెరడులోంచి పంపిస్తారు. వడ్రంగి షాపు, రంపపు గుంట, కమ్మరి కొలిమి, గుర్రపు సాల, రొట్టెలు కాల్చే బట్టీ ఇల్లు, బట్టలుతికే గది, ఇవన్నీ దాటాక వంటిల్లు, వంటిల్లు దాటాక గానీ దొరల గదులు రావు. ఇప్పుడు ఈ ఇంటిని చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్ళు కావాలనే ఈ దారి పెట్టారు. నాకు ఇది చాలా నచ్చింది, ఎందుకంటే ఇల్లు ఎలా బతికిందో ఈ వరసలోనే అర్థమవుతుంది, ముందు గుమ్మంలోంచి వస్తే సోఫాలు తప్ప ఏమీ గుర్తుండవు.

వడ్రంగి షాపులో బాపు అరగంట ఉన్నాడు. గోడకి వేలాడే చిత్రికలు, ఉలులు, బర్మాలు, కొన్నిటి పిడులు పట్టీ పట్టీ లోపలికి అరిగి చెయ్యి ఆకారం వచ్చేసింది. అక్కడ ముట్టుకోనివ్వరు, బయట పెరట్లో ఒక పాత తలుపు పక్కన నిలబడి వేలి ఎముకతో చౌకట్టుని కొట్టి చెవి దగ్గర పెట్టి విన్నాడు. చిన్నప్పుడు ఆయన చెప్పేవాడు, బాయిలో షిఫ్టు మొదలు కాగానే గడ్డపారతో బండని తట్టి చూస్తారంట, గట్టిగా టంగుమంటే బండ పట్టి ఉన్నట్టు, డొల్లగా డబ్బుమంటే లోపల ఊడినట్టు, వెంటనే దిమ్మె పెట్టాలి. ఇక్కడ చౌకట్టు టంగుమంది. "మంచి కట్టె" అని ముందుకు నడిచాడు.

వంటిల్లు 1770ల నాటిది. అప్పట్లో దీన్ని ఇంటికి దూరంగా విడిగా కట్టారు, నిప్పు భయానికి. మన ఊళ్ళల్లో కూడా పాత ఇళ్ళకి వంటపాక విడిగా వెనక ఉండేది కదా, కారణం అదే. పైకప్పు చాలా ఎత్తు, పొగా వేడీ పైకి పోవాలని, కమాను మీద పెద్ద అక్షరాలతో "వృథా చేయకు, లోటు రాదు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట రాసి ఉంది. ఈ ఇంటివాళ్ళు ఆ మాటని ఎంత పట్టుకున్నారంటే 240 ఏళ్ళలో ఏదీ పారేయలేదు, ఇప్పుడు లోపల వస్తువులే 30,000 దాకా ఉన్నాయి.

ఆ ఇంటివాళ్ళ కథ కొంచెం చెప్పాలి, లేకపోతే గదులు అర్థం కావు. ఎడిస్‌బరీ అప్పులు చేసి కట్టాడు, అప్పిచ్చినవాళ్ళలో మన యేల్ కూడా ఉన్నాడు, చివరికి దివాలా తీసి ఇల్లు పోగొట్టుకున్నాడు. లండన్‌లో కోర్టు పదవిలో ఉన్న జాన్ మెల్లర్ ఆ అప్పులు కొనుక్కుని ఇంటిని తన చేతికి తెచ్చుకున్నాడు, 1720ల్లో రెండు పక్కలా రెక్కల్లాగా గదులు పెంచి, లండన్ నుంచి వెండి పూత కుర్చీలు, నిలువెత్తు అద్దాలు తెప్పించాడు. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. 1733లో పోయాక మేనల్లుడు సైమన్ యార్క్‌కి వచ్చింది. అక్కణ్ణుంచి ఇంటి వారసులంతా సైమన్ లేకపోతే ఫిలిప్, వేరే పేరు లేదు, 1973 దాకా.

పనివాళ్ళ హాల్లోకి వచ్చాక బాపు ఆగిపోయాడు. గోడల నిండా బొమ్మలు, దొరలవి కాదు, పనివాళ్ళవి. 1790ల్లో మొదటి ఫిలిప్ యార్క్ తన ఇంటి వడ్రంగి, కమ్మరి, వేటగాడు, వంటింటి మనిషి, ఒక్కొక్కరిని కూర్చోబెట్టి నూనె రంగులతో పెద్ద పెద్ద చిత్రాలు వేయించి, ప్రతి బొమ్మకీ ఆ మనిషి మీద తనే పద్యం కట్టి రాయించాడు. అందులో జేన్ ఎబ్రెల్ అనే ముసలామె ఉంది, ఇల్లు ఊడ్చి బూజు దులిపే పనిమనిషి, బొమ్మ గీసేనాటికి 87 ఏళ్ళు, చేతిలో బూజు కర్ర. నేను చూసిన ఏ రాజుల బొమ్మకన్నా ఆమె మొహం నాకు ఎక్కువ గుర్తుంది. తర్వాతి తరాల్లో బొమ్మల బదులు ఫొటోలు వచ్చాయి కానీ అలవాటు మాత్రం పోలేదు, మనుషులు తమ పనిముట్టు చేత్తో పట్టుకుని ఇంటి ముందు నిలబడి ఉంటారు.

బాపు చాలాసేపు మాట్లాడలేదు. మా తాత, అంటే ఆయన నాయిన, బాయి పనికి రాకముందు ఊళ్ళో దొర గడిలో వెట్టి చేసినాయన. "గడిల మా నాయిన పేరు కూడా ఎవ్వడు సక్కగ పిలవలే బిడ్డా, ఈడ పద్యం రాసి గోడకు పెట్టిండ్రు" అన్నాడు. నేనేం అనలేదు. ఈ యార్క్‌లు కూడా దొరలే, జీతాలు తక్కువే ఇచ్చేవాళ్ళు, అది నాకు తెలుసు. అయినా రెండు వందల ఏళ్ళకి పైగా తర్వాత ఒక వడ్రంగి మొహం, పేరు, పని మూడూ మిగిలి ఉండటం చిన్న విషయం కాదు, మా తాతది ఒక్క ఫొటో కూడా మా దగ్గర లేదు.

లోపలి గదుల గురించి. చాలా గదుల్లో కిటికీ వెలుతురు తప్ప ఏం లేదు, చివరి యార్క్ ఉన్నంత కాలం ఈ ఇంటికి కరెంటు లైనే లేదు, కళ్ళు అలవాటు పడటానికి నిమిషం పడుతుంది. ఆ మసకలో మెల్లర్ అద్దాలు చూడాలి, మధ్యాహ్నం వెలుగు చెక్క మీది వెండి పూత మీద పడి గది గోడంతా చెరువు నీళ్ళలా కదులుతుంది. అప్పటి మనుషులు కొవ్వొత్తి వెలుగుని రెండింతలు చేసుకోవడానికి అద్దాలు పెట్టేవాళ్ళు, వాటి పని వాటి వెలుతురులోనే తెలుస్తుంది, బల్బు కింద చూస్తే అది ఒట్టి ఖరీదైన సామానే.

పై అంతస్తులో పెద్ద పడకగది, అద్దం వెనక నుంచి చూడాలి. అందులో పందిరి మంచం, తెర బట్టలు చైనా పట్టు, మీద కుట్టుపనితో పిట్టలు, పూల కొమ్మలు. ఇల్లు కుంగినప్పుడు పైకప్పు విరిగి వాన నీళ్ళు ఈ మంచం మీదే పడేవంట, దాన్ని లండన్ తీసుకెళ్ళి ఏళ్ళ తరబడి బాగు చేయించాల్సొచ్చింది. ఆ పక్కనే లక్క పని చేసిన మడత తెర ఒకటి ఉంది, యేల్ తన స్నేహితుడు ఎడిస్‌బరీకి పంపాడని చెప్తారు. ఇలాంటి తెరలని ఇక్కడ కోరమండల్ స్క్రీన్ అంటారు. చేసింది చైనాలో, ఓడ ఎక్కింది మన తీరంలో, అందుకని మన తీరం పేరు వచ్చింది. మచిలీపట్నం, మద్రాసు ఉన్న ఆ ఇసుక గట్టు పేరు వేల్స్ పడకగదిలో ఒక సామానుకి తగిలి ఉంది, నేను అక్కడ నుంచి చాలాసేపు కదల్లేదు.

గ్యాలరీలో ఇంకో అద్భుతం. ఎలిజబెత్ రాట్‌క్లిఫ్ అని ఈ ఇంట్లో పరిచారికగా చేసిన ఆమె 1767లో ఒక చైనా పగోడా నమూనా చేసింది, 1773లో సిరియాలోని పల్మైరా శిథిలాల నమూనా చేసింది. దగ్గరికి వంగి చూశా. విరిగిన స్తంభాలు వేలెడంత, అభ్రకం తునకలతో పొదిగి ఉన్నాయి, అభ్రకం అంటే మన గూడూరు వైపు దొరికేదే, కొంచెం తల పక్కకి జరిపితే చాలు స్తంభం మొత్తం మెరిసి మళ్ళీ ఆరిపోతుంది. పల్మైరా చూసే అవకాశం లేని పనిమనిషి బొమ్మలు చూసి ఒక్కో స్తంభం కొలిచి పెట్టింది. నేనైతే ఆమెని ఆర్కిటెక్ట్ అనే అంటాను.

ఇక తోటలోకి. ఎర్దిగ్ అసలు మొహం ఇదీ. తూర్పు వైపు గోడకి రాయి తొడగలేదు, మూడు వందల ఏళ్ళు దాటిన ఎర్ర ఇటుక అలాగే ఉంది, మధ్యలో తొమ్మిది కిటికీల వరస ఎడిస్‌బరీ కట్టింది, అటూ ఇటూ సాగింది మెల్లర్ కలిపింది. ఎత్తు కన్నా పొడవు చాలా ఎక్కువ, గోడ అలా సాగుతూనే ఉంటుంది. దాని ముందు తిన్నటి కాలువ, రెండు వైపులా నిమ్మ చెట్లు అంటారు గానీ మన నిమ్మ కాదు, లైమ్ అనే వేరే చెట్టు, వాటి కొమ్మల్ని ఒకదానికొకటి అల్లి గోడలా పెంచారు. 1740లో ఈ తోట మొత్తాన్ని పైనుంచి చూసినట్టు గీసిన ఒక పటం దొరికింది కాబట్టి దాన్ని ముందు పెట్టుకుని మళ్ళీ వేశారు. తోట గోడలకి ఆపిల్ చెట్లని చేతులు చాపినట్టు అడ్డంగా కట్టి పెంచుతారు, పగలంతా ఎండ తాగిన ఇటుక వేడి రాత్రి కాయకి అందుతుంది.

కాలువ చివర నిలబడి వెనక్కి తిరిగితే ఇల్లు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా కనిపిస్తుంది. ఇక్కడ బాపు తన నీళ్ళ బాటిల్ తీసి సగం తాగి, మూత పెట్టి, అడ్డంగా కంటి ముందు పట్టుకున్నాడు. రసమట్టం అన్నమాట. నీటి గీతని కింది కిటికీల గీతకి ఆనించి ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిపాడు, రెండుసార్లు.

ఇంతకీ జరిగిందేంటంటే, పక్కనే ఉన్న బెర్షమ్ గని వాళ్ళు తవ్వుతూ తవ్వుతూ ఈ ఇంటి కిందికి వచ్చారు. 1947లో దేశంలో బొగ్గు గనులన్నీ ప్రభుత్వం చేతికి వచ్చాక ఇది మొదలైంది. ఇల్లు ఒక చివర దాదాపు 5 అడుగులు కుంగింది, ఇంకో చివర అంతకంటే తక్కువ. ఎందుకు రెండు చివర్లూ ఒకేలా కుంగవు అని అడిగితే బాపు బెంచీ మీద తన రుమాలు పరిచి చూపించాడు. మన బాయిల్లో బోర్డ్ అండ్ పిల్లర్, బొగ్గుని పిల్లర్లుగా వదిలి చుట్టూ తీస్తారు, తర్వాత ఆ పిల్లర్లు కూడా తీసేస్తే దాన్ని డిపిల్లరింగ్ అంటారు, అప్పుడు పైన బండ కూలి కూలి నేల దాకా ఆ కుంగు వస్తుంది. ఇక్కడి గనుల్లో ఎక్కువగా లాంగ్‌వాల్, పొడుగ్గా ఒకే గోడలాగా కోసుకుంటూ పోయేవాళ్ళు, కోసిన చోట వెనకాల బండని వదిలేసేవాళ్ళు కూలిపోనీ అని. రుమాలు నడుమ వేలితో నొక్కాడు. "నడుమ ఎక్కువ దిగుతది, అంచుల మీద గుడ్డ సాగుతది సూడు, ఇల్లు నడుమ ఉంటే తిన్నగ దిగుతది, అంచు మీద పడితే చీలుతది. పైగా బొగ్గు కోత నడుస్తున్న కొద్దీ అంచు కూడా నడుస్తది, ఒకపారి ఇటు సాగదీస్తది, ఇంకోపారి అటు నొక్కుతది." ఇంత పొడుగు ఇల్లు దాని మీద ఉంటే ఏమవుతుందో నాకు అప్పుడు అర్థమైంది. పొడుగే దీని అందం, ఆ పొడుగే దీనికి ప్రాణం మీదికి వచ్చింది.

చివరి సైమన్ ఎవరినీ కలవకుండా ఇంట్లోనే ఉండిపోయాడు, 1966లో పోయాక తమ్ముడు ఫిలిప్‌కి కారే కప్పుతో ఇల్లు వచ్చింది. ఆయన 1973లో ఇంటిని నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చేశాడు, ఒక్క సామాను కూడా బయటికి పోకూడదు అని షరతు పెట్టి. ప్రభుత్వ బొగ్గు బోర్డు ఇచ్చిన నష్టపరిహారం 1,20,000 పౌండ్లు. అది చాలక పార్కు అంచున 63 ఎకరాలు అమ్మితే దాదాపు 10 లక్షల పౌండ్లు వచ్చింది, దాంతో పునాదులు, గోడలు, కప్పు అన్నీ చేసుకుంటూ వచ్చి 1977లో జనానికి తెరిచారు. భూమి అమ్మి ఇల్లు కాపాడటం నాకు సబబే అనిపించింది, ఇది పోతే మళ్ళీ ఎవరూ కట్టలేరు.

"ఏమైంది, వంకర కనబడిందా?" అని అడిగా. నాకైతే నీళ్ళ గీత, కిటికీల గీత ఒకటిగానే కనిపించాయి. బాపు ఒప్పుకోలేదు, ఒక చివర కొంచెం తేడా ఉంది అన్నాడు, బాటిల్‌తో ఇంత దూరం నుంచి అది చెప్పలేం అని నేనన్నా. "ఉండనీ, పట్టింది కదా" అన్నాడు. గేట్లు మూసే టైం అయిందని చెప్పేదాకా అక్కడే కూర్చున్నాం.

మూడో రోజు, ఆదివారం

పొద్దున బస్సెక్కి గ్రెస్‌ఫర్డ్ వెళ్ళాం, బాపు అడిగాడు కాబట్టి. 1934 సెప్టెంబర్ 22, శనివారం తెల్లవారుజామున రెండు గంటలప్పుడు ఇక్కడి గనిలో పేలుడు జరిగి 266 మంది చనిపోయారు. శనివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందని చాలామంది ముందు రాత్రే డబుల్ షిఫ్టు దిగారు. బయటికి తేగలిగింది 11 శవాలే, మిగతా వాళ్ళు లోపలే ఉండగా గనిని మూసేశారు. గని పైన తాడు తిప్పిన పెద్ద చక్రం ఒకటి గుర్తుగా పెట్టారు. బాపు చెప్పులు విప్పి చక్రం దగ్గర నిలబడి దండం పెట్టాడు. అక్కడ పూలు పెడుతున్న ఒక పెద్దాయన చూసి ఏమనుకున్నాడో బాపుకి చెయ్యిచ్చాడు, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, నేను మధ్యలో బొగ్గుబాయిలో పని చేసేవాడు అని చెప్పా. అప్పుడు ఆయన రెండో చెయ్యి కూడా వేసి పట్టుకున్నాడు.

బెర్షమ్ గని కూడా చూశాం, రోడ్డు మీద నుంచి. 1986లో మూతపడింది, ఈ ప్రాంతంలో చివరి గని అదే. పైన చక్రాల గూడు మాత్రం ఇంకా నిలబడి ఉంది. ఇల్లు నిలిచింది, గని పోయింది, ఆ గనిలో చేసినవాళ్ళ పిల్లలు ఇప్పుడు ఈ పార్కులో కుక్కల్ని తిప్పుకుంటున్నారు. ఆ గని కార్మికుల బొమ్మలు కూడా ఎర్దిగ్ పనివాళ్ళ బొమ్మల పక్కన ఒక గదిలో పెడితే బాగుంటుందని నాకు గట్టిగా అనిపించింది, వాళ్ళు తవ్విన చోటే కదా ఆ ఇల్లు ఉంది.

సాయంత్రం ట్రైన్‌కి ఇంకా మూడు గంటలు ఉంటే మళ్ళీ పార్కుకే వెళ్దాం అన్నాడు బాపు. ఇంతకుముందు ఎక్కడికీ రెండోసారి వెళ్దాం అన్న మనిషి కాదు. ఇంటికి కింద లోయలో చెట్ల మధ్య ఒక చిన్న కట్టడం ఉంది, కప్పు సాసరు అంటారు, 1774లో పార్కుని తీర్చిదిద్దిన విలియం ఎమ్స్ కట్టించాడు. వాగు నీళ్ళు వచ్చి గుండ్రటి రాతి పళ్ళెంలో నిండుతాయి, పళ్ళెం నడుమ గుండ్రటి బొక్క, చుట్టూ అంచు మీద నుంచి నీళ్ళు సమంగా ఆ బొక్కలోకి జారి మాయమైపోతాయి. అంచు రాళ్ళు ఎంత మట్టంగా పెట్టారంటే ఏ పక్కా ఎక్కువ పడట్లేదు, ఏ పక్కా తక్కువ పడట్లేదు, నీళ్ళు గాజు గొట్టంలాగా దిగుతున్నాయి.

బాపు గట్టు మీద మోకాలు వేసుకుని కూర్చుని ఆ అంచునే చూశాడు. బాటిల్ తీస్తాడేమో అనుకున్నా, తీయలేదు. కాసేపటికి లేచి ప్యాంటు దులుపుకుని "లోపలికి వోయిన నీళ్ళు యాడ తేల్తయో సూసొద్దాం పా" అని వాగు వెంబడి కిందికి నడిచాడు. కొంచెం దూరంలో రాతి సొరంగం నోరు కనిపించింది, లోపల చీకటి, నీళ్ళు మాత్రం ఏమీ జరగనట్టు బయటికి వస్తున్నాయి. బాపు వంగి చెయ్యి పెట్టి చూసి, చల్లగ ఉన్నయి అన్నాడు.